హుసేన్ ఇల్లెక్కడ?

మక్బూల్ ఫిదా హుసేన్ పేరెత్తగానే మనవాళ్ళు చెప్పే కథ ఒకటుంది. బొంబాయి ఫుట్‌పాత్ మీద పడుకున్నాడు. సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్నాడు. తర్వాత కోట్లకు బొమ్మలమ్మాడు, సినిమాలు తీశాడు, ఆత్మకథ రాశాడు. మన పిల్లలకు ఈ కథ మరీ ఇష్టంగా చెబుతాం. ‘చూడు బేటా, హునర్ ఉండాలేగానీ ఇల్లూ వాకిలీ లేకపోయినా పైకి రావచ్చు’ అంటాం. సెక్యులర్ మిత్రులకూ ఈ కథ నచ్చుతుంది. ఇందులో ఎవర్నీ నిలదీసే పని లేదు. ఒక కుర్రాడు ఫుట్‌పాత్ మీద ఎందుకు పడుకోవాల్సొచ్చిందో అడగక్కర్లేదు. అదే మనిషి తొంభై ఏళ్ళ వయసులో, అంత డబ్బూ అంత పేరూ ఉండి కూడా, మళ్ళీ ఇల్లు లేనివాడు ఎందుకయ్యాడో అసలే అడగక్కర్లేదు.

ఈ కథ సగమే నిజమని నా వాదన. హుసేన్ తీసిన సినిమాలూ, రాసిన పుస్తకమూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే తెలిసేది వేరు. ఇల్లు అనే ప్రశ్న ఆయనకు ఎన్నడూ తీరలేదు. ఫుట్‌పాత్ మీద నుంచి లేచాక కూడా తీరలేదు. మూడు సినిమాల్లో, ఒక పుస్తకంలో ఆయన ఆ ప్రశ్నకే జవాబు వెతికాడు. కొన్ని జవాబులు నిలబడ్డాయి, కొన్ని నిలబడలేదు. విమర్శ చెయ్యాల్సిన పని అవి ఏవేవో చెప్పడం. ఆయన చెప్పుల్లేని కాళ్ళ గురించి రాసినంత మనవాళ్ళు ఆయన సినిమాల గురించి రాయలేదు.

కైకలూరులో కూర్చుని హుసేన్ గురించి రాయడమేమిటని అడగొచ్చు. ఇల్లంటే ఏమిటో కొల్లేటివాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. వానాకాలం నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూసుకుని మెరక మీద ఇల్లు కట్టుకున్న జనం వీళ్ళు. కొల్లేటికోటలో కొలువైన అమ్మవారి పేరే పెద్దింట్లమ్మ. 1999లో ఈ సరస్సును పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు బతకాలన్న మాటలో న్యాయం ఉంది. కానీ పెట్టుబడి ఉన్నవాడు మరోచోట చూసుకోగలడు, చెరువు పని మీద బతికే కూలీ చూసుకోలేడు. వాడి గుడిసె గుడిసెలాగే ఉంది, పని మాత్రం పోయింది. పని పోయాక వలసెళ్ళిన మనిషికి ఆ గుడిసె తాళంకప్పే. అదే 2006లో హుసేన్ దేశం విడిచి వెళ్ళాడు. రెండింటికీ సంబంధం ఏమీ లేదు. కానీ కప్పు ఉండగానే ఇల్లు పోతుందన్న సంగతి రెండుచోట్లా ఒకటే.

మా కొల్లేటి ప్రాంతం నుంచే వెళ్ళి, బాక్సాఫీసు దారి పట్టకుండా సినిమాలు తీసిన మనిషి అక్కినేని కుటుంబరావు. ‘భద్రం కొడుకో’, ‘తోడు’, ‘పాతనగరంలో పసివాడు’ తీసిన ఆయన తన కొల్లేరు గురించి చెప్పడానికి నవల రాశాడు. అదే ‘కొల్లేటి జాడలు’. వసంత్ కన్నబిరాన్ దాన్ని ఇంగ్లీషు చేశారు. కెమెరా పట్టిన మనిషి పోయిన ఇంటి కోసం కలం పట్టడం హుసేన్ విషయంలోనూ చూస్తాం. తేడా ఒకటుంది. కుటుంబరావుకు ‘ఇదిగో, ఇక్కడ ఉండేది’ అని చూపించడానికి ఒక సరస్సుంది, ఊరుంది, ఆ ఊరి మాట ఉంది. హుసేన్‌కు ఆ మాత్రం ఆధారం కూడా లేదు.

ఆయన 1915లో పండరీపురంలో పుట్టాడు. విఠోబా గుడి ఉన్న ఊళ్ళో ఒక సులేమానీ బోహ్రా కుటుంబం. అంటే మైనారిటీలో మైనారిటీ. తల్లి జైనబ్ ఆయన ఇంకా పసివాడుగా ఉన్నప్పుడే పోయింది. ఆమె మొహం ఆయనకు గుర్తులేదు. తర్వాత తండ్రి ఇండోర్ వెళ్ళాడు, మరో పెళ్ళి చేసుకున్నాడు. పిల్లవాడికి దిక్కు తాత. ఉర్దూలో రాసుకున్న ఆత్మకథ ‘ఎం.ఎఫ్. హుసేన్ కీ కహానీ అప్నీ జుబానీ’లో ఆ తాత పోయిన తర్వాతి రోజులు చదవాలి. పిల్లవాడు తాత గదిలోంచి బయటికి రాడు. తాత పక్క మీదే, తాత వేసుకున్న గోధుమరంగు అచ్కన్ కప్పుకుని, ఆయన చంకలో ముడుచుకున్నట్టు పడుకుంటాడు. ఎవరితోనూ మాట్లాడడు. అప్పుడు తండ్రి అతణ్ణి బరోడా బోర్డింగు బడిలో వేస్తాడు.

హుసేన్ మొదటిసారి ఇల్లు పోగొట్టుకున్నది అప్పుడు. బొంబాయి ఫుట్‌పాత్ ఇంకా చాలా ఏళ్ళ దూరంలో ఉంది. ఇంట్లో ఉంటూనే ఇల్లు పోయింది. ఇంకో సంగతి గమనించాలి. ఆత్మకథ అయినా ఆయన తన గురించి ‘నేను’ అని రాయడు. ‘లడ్కా’ అంటాడు, ‘మక్బూల్’ అంటాడు. ఎవరో పక్కింటి పిల్లవాడి గురించి చెప్పినట్టు చెబుతాడు. కొందరు దీన్ని చమత్కారం అన్నారు. నాకలా అనిపించదు. ‘నేను’ అనడానికి కాళ్ళ కింద కాస్త నేల కావాలి. అది లేనివాడు తనను తాను దూరం నుంచే చూసుకుంటాడు. పుస్తకంలో ముక్కలు ముక్కలుగా సాగే కథనానికీ ఇదే కారణం అనుకుంటాను. చిన్న చిన్న ఘట్టాలు, ఒకదానికొకటి అతకవు. ఆత్మకథగా చూస్తే అది లోపం. ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మూట మార్చుకుంటూ బతికినవాడి జ్ఞాపకం మాత్రం అలాగే ఉంటుంది.

ఈ పుస్తకంలోని రెండు భాగాలు ఎన్.సి.ఇ.ఆర్.టి. పదకొండో తరగతి హిందీ వాచకం ‘అంతరాల్’లో పాఠంగా పెట్టారు. అందులో రానీపూర్ బజారు ఘట్టం ఒకటి. పిల్లవాణ్ణి వ్యాపారం నేర్చుకోమని చిన్నాన్న కొట్లో కూర్చోబెడతారు. వాడు గల్లాపెట్టె దగ్గర కూర్చుని దారినపోయే జనం బొమ్మలు గీస్తాడు. సాయంత్రానికి గల్లాలో పది రూపాయలుంటే కాగితాల మీద ఇరవై బొమ్మలుంటాయి. ఒకరోజు ‘సింహగఢ్’ సినిమా పోస్టరు, కత్తీ డాలూ పట్టిన మరాఠా యోధుడు, కొట్టు ముందు నుంచి వెళుతుంది. ఆయిల్ రంగుల్లో బొమ్మ వెయ్యాలని పిచ్చి పడుతుంది. బడి పుస్తకాలు అమ్మి రంగులు కొంటాడు. చిన్నాన్న మండిపడి తండ్రితో చెబుతాడు. తండ్రి వచ్చి, బొమ్మ చూసి, కొడుకును కౌగిలించుకుంటాడు. తర్వాత ఇండోర్‌లో చిత్రకారుడు ఎన్.ఎస్. బేంద్రే వచ్చి తండ్రితో మాట్లాడతాడు. మిల్లు వాతావరణంలో బతికే ఆ తండ్రి బొంబాయి నుంచి ఆయిల్ ట్యూబులు తెప్పించి ఇస్తాడు.

ఈ తండ్రిని మనం కథలోంచి ఎందుకు తీసేశాం? బేంద్రేని ఎందుకు తీసేశాం? తీసేస్తే ఫుట్‌పాత్ మహిమ పెరుగుతుంది కనక. నిజానికి ఫుట్‌పాత్ ఎవరికీ బొమ్మలెయ్యడం నేర్పదు. బొంబాయిలో ఆ కుర్రాణ్ణి బతికించింది హోర్డింగు పని. చదరపు అడుగుకు ఇన్ని అణాలని లెక్క. చిన్న ఫొటో మీద గళ్ళు గీసుకుని, అవే గళ్ళు పెద్ద గుడ్డ మీద గీసి, ఒక్కో గడినీ పెంచుకుంటూ పోవాలి. రేపు ఆట ఉందంటే ఇవాళ రాత్రికి బొమ్మ లేవాలి. పెద్ద కొలత, తొందర, దూరం నుంచి చూసినా తెలిసిపోయే గీత, ఇవన్నీ ఆ కూలిపనిలో వచ్చిన విద్యలు. 1947లో సౌజా, రజా లాంటివాళ్ళు ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు పెట్టి ఇతణ్ణి కలుపుకున్నారు. పని, తోటివాళ్ళు, నమ్మిన తండ్రి. ఈ మూడూ లేకుండా ఉత్త హునర్ ఉన్నవాళ్ళు ఆ ఫుట్‌పాత్ మీదే పోయారు. వాళ్ళ పేర్లు మనకు తెలియవు.

మన ఊళ్ళనే చూద్దాం. ఫ్లెక్సీలు రాకముందు షాపు బోర్డులూ సినిమా బ్యానర్లూ రాసినవాళ్ళలో ముస్లింలు ఎందరో ఉండేవారు. తెలుగు అక్షరాన్ని గుండ్రంగా, ఉర్దూ అక్షరాన్ని వయ్యారంగా ఒకే బ్రష్షుతో తిప్పిన చేతులవి. ఫ్లెక్సీ మిషను వచ్చి ఆ చేతుల్ని ఖాళీగా కూర్చోబెట్టింది. వాళ్ళలో హుసేన్‌లు ఎవరూ లేరని ఎవరు చెప్పగలరు? వాళ్ళ దగ్గరికి బేంద్రే ఎవరూ రాలేదు, అంతే.

ఇక సినిమాలు. 1967లో ఫిల్మ్స్ డివిజన్ కోసం ఆయన తీసిన ‘త్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్’ చిన్న సినిమా. రాజస్థాన్‌లో తీశాడు. కథ లేదు, మాటల్లో వివరించడం లేదు. గొడుగు, లాంతరు, చెప్పు, ఆవు, కోట గోడలు, మనుషుల మొహాలు. ఒక దాని పక్కన ఒకటి వచ్చి పోతుంటాయి. సంగీతం మన తెలుగువాడు, వేణు విద్వాంసుడు ఏల్చూరి విజయరాఘవరావుది. బెర్లిన్ చలనచిత్రోత్సవంలో దీనికి చిన్న చిత్రాల్లో గోల్డెన్ బేర్ బహుమతి వచ్చింది. మన సెక్యులర్ విమర్శకులు దీన్ని రూపవాదం అంటారు. నేనలా అనుకోను. ఆ వస్తువులన్నీ ఇంటి సామాన్లు. ఇంట్లో మూల ఉండాల్సిన లాంతరూ గొడుగూ ఇసకలో, ఎండలో, ఎవరివీ కానట్టు పడి ఉంటాయి. చూసేవాడికి వాటిని ఎత్తి ఎక్కడో ఒకచోట పెట్టాలనిపిస్తుంది. ఇల్లు లేకపోవడమంటే ఏమిటో ఒక్క మాట లేకుండా చూపించిన సినిమా ఇది. ఆయన సినిమాల్లో ఇదే గొప్పదని నా అభిప్రాయం. సర్కారు డబ్బుతో తీసినా ఇందులో ఆయనకు దొరికినంత స్వేచ్ఛ తర్వాత సొంత డబ్బు పెట్టినప్పుడు కూడా దొరకలేదు.

ఆ సినిమా తర్వాత కొన్నాళ్ళకే హైదరాబాదు ఆయనకు రెండో ఇల్లయింది. రామ్‌మనోహర్ లోహియా మాట మీద, బద్రివిశాల్ పిట్టీ అండతో హుసేన్ అక్కడ రామాయణం బొమ్మలు వేశాడు. ఎనిమిదేళ్ళలో నూటయాభై దాకా వేశానని ఆయనే చెప్పాడు. ఆ బొమ్మల్ని ఎడ్లబండి మీద పల్లెలకు తీసుకెళితే రైతులు చూసి ఆనందించారనీ, ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదనీ చెప్పుకున్నాడు. తర్వాత బంజారాహిల్స్‌లో ‘సినిమాఘర్’ అని మ్యూజియం కట్టించాడు. పేరులో ‘ఘర్’ ఉంది చూశారా! కట్టుకున్న ఇంటికి కూడా సినిమా పేరే పెట్టుకున్నాడు.

2000లో వచ్చిన ‘గజగామిని’ ఆ మొహం గుర్తులేని తల్లి కోసం తీసిన సినిమా. నెత్తిన మూట పెట్టుకుని నడిచే స్త్రీ, శకుంతల, మోనాలీసా, కాశీలో గుడ్డి పాటగత్తె, అన్నిటికీ మాధురీ దీక్షితే. ఉద్దేశం పెద్దది. సినిమా మాత్రం ఆ బరువు మొయ్యలేకపోయింది. మూట మోసే ఆడమనిషికి కాళ్ళు నొప్పెడతాయి, దాహం వేస్తుంది, రాత్రికి ఎక్కడ దిగాలన్న బెంగ ఉంటుంది. హుసేన్ ఆమె నడకను ప్రేమించాడు, మూటలో ఏముందో విప్పి చూడలేదు. సెట్టింగులూ తారలూ కలిసి ఇల్లు లేని స్త్రీని అలంకారం చేసేశాయి. కాన్వాసు మీద మొహం లేని స్త్రీ తల్లి కోసం వెతుకులాట అవుతుంది. తెర మీద ఆ ఖాళీలో దేశమంతా ఎరిగిన తార మొహం వచ్చి కూర్చుంది. వెతుకులాట అక్కడ ఆగిపోయింది. ఈ సినిమా చూసి పొగిడినవాళ్ళు హుసేన్‌కు మేలు చెయ్యలేదు.

‘మీనాక్షి: ఎ టేల్ ఆఫ్ త్రీ సిటీస్’ 2004లో వచ్చింది. కొడుకు ఒవైస్‌తో కలిసి రాశాడు. సంగీతం ఏ.ఆర్. రహమాన్. నవాబ్ అనే హైదరాబాదీ రచయిత, రఘువీర్ యాదవ్ వేశాడు. కలం కదలక కూర్చున్నవాడు. అత్తరు అమ్మే మీనాక్షి, మన హైదరాబాదు అమ్మాయి టబు, వచ్చి నా గురించి రాయమంటుంది. అతను ఆమెను ఒకసారి జైసల్మేరులో పెడతాడు, ఇంకోసారి ప్రాగ్‌లో పెడతాడు. రాసిందాన్ని ఆమె ఒప్పుకోదు, బాగాలేదంటుంది. ‘గజగామిని’లో స్త్రీ చూసే బొమ్మ. ఇక్కడ ఆమె రచయితను నిలదీసే పాఠకురాలు. హైదరాబాదులో తెగని కథను ఎన్ని నగరాలు తిప్పినా తెగదు. ఇది హుసేన్ తన మీద తాను రాసుకున్న విమర్శ. అందుకే లోపాలున్నా ఈ సినిమా నిజాయితీగా ఉంది. ఉర్దూ మాటను విలన్ల నోటికీ ముజ్రాలకీ వదిలెయ్యకుండా, ఒక రచయిత ఆలోచించే భాషగా వాడిన హిందీ సినిమాలు ఎన్నున్నాయి?

ఈ సినిమాను థియేటర్ల నుంచి తీయించింది ఎవరు? ఇక్కడ మనం మనల్ని అడగాలి. అందులో ‘నూరున్ అలా నూర్’ అనే పాట ఉంది. ఖురాన్‌లోని మాటను స్త్రీ సౌందర్యానికి వాడారని కొన్ని ముస్లిం సంస్థలు అభ్యంతరం చెప్పాయి. హుసేన్ సినిమాను వెనక్కి తీసుకున్నాడు. పవిత్ర వాక్యం మీద ప్రేమ ఉన్నవాళ్ళ నొప్పిని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఇష్క్‌లో మజాజీ, హకీకీ రెండూ కలిసి నడిచే కవ్వాలీ మనది. దర్గాల దగ్గర కూర్చుని రాత్రంతా ఆ పాటలు విన్న జనం మనం. సినిమా చూసి, కూర్చుని వాదించుకుని ఉండొచ్చు. చూడకుండానే ఆపమన్నవాళ్ళు ఎందరో.

అంతకు ముందే రెండోవైపు నుంచి మొదలైంది. 1970లలో వేసిన బొమ్మల్ని 1996లో ‘విచార్ మీమాంస’ అనే హిందీ పత్రిక వెలికితీసింది. 1998లో బజరంగ్‌దళ్ వాళ్ళు బొంబాయిలో ఆయన ఇంటి మీద పడ్డారు. ఊరూరా కేసులు పెట్టారు. 2006లో దేశం విడిచాడు. 2008 మే 8న ఢిల్లీ హైకోర్టు జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ ఆ కేసుల్ని కొట్టేశారు. తొంభై ఏళ్ళ చిత్రకారుడు తన ఇంట్లో ఉండి బొమ్మలేసుకోవాలన్న అర్థంతో తీర్పు ముగించారు. కోర్టు కూడా చివరికి ఇల్లు అనే మాట దగ్గరికే వచ్చింది. తీర్పు వచ్చినా ఇల్లు రాలేదు. రక్షణ ఇస్తామన్న నమ్మకం సర్కారు కలిగించలేకపోయింది. 2010లో ఖతార్ పౌరసత్వం తీసుకున్నాడు. 2011 జూన్ 9న లండన్‌లో పోయాడు, అక్కడే మట్టి అయ్యాడు. 2025 నవంబరులో దోహాలో ఆయన పేర ‘లౌహ్ వ ఖలమ్’ మ్యూజియం తెరిచారు. పండరీపురం పిల్లవాడి పలకా కలమూ ఎక్కడికి చేరాయో చూడండి!

రెండు వైపులా దెబ్బతిన్నాడు కనక హుసేన్‌ను విమర్శించకూడదని నేననను. ఎమర్జెన్సీలో ఇందిరాగాంధీని దుర్గగా వేసిన బ్రష్షు ఆయనదే. అధికారం దగ్గర ఆయనకు చల్లగా ఉండేది. 1986లో రాజ్యసభకు నామినేట్ అయ్యాడు, 1991లో పద్మవిభూషణ్ అందుకున్నాడు. అంత దగ్గరున్న మనిషికే చివరికి ఇల్లు దక్కలేదు. ఇక మామూలు ముస్లిం సంగతి? పట్నంలో నేను ఇల్లు అద్దెకు అడిగినప్పుడు పేరు చెప్పేదాకా ఖాళీగా ఉన్న పోర్షను, పేరు చెప్పగానే ‘మా చుట్టాలు దిగుతున్నారండీ’ అయిపోయింది. విలేకరి కార్డు జేబులోనే ఉంది. ఇది ఫుట్‌పాత్ కాదు. కానీ హుసేన్ రెండోసారి పోగొట్టుకున్న ఇంటికి ఇది చుట్టమే.

అందుకే ఆ ఫుట్‌పాత్ కథను ఇక మానేద్దామంటాను. ఆ కథ వింటున్న పిల్లవాడు తన గది అద్దె కట్టలేకపోతే తన హునర్‌లోనే లోపం ఉందనుకుంటాడు. ఇవాళ కైకలూరులోనో ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో మన కుర్రాడు సెల్‌ఫోనుతో షార్ట్‌ఫిలిం తీస్తున్నాడు. మన అమ్మాయి అమ్మీ మాట్లాడే జబాన్‌లో కథ రాసి, తెలుగు అక్షరాల్లో పెడుతోంది. వాళ్ళకు కావలసింది హుసేన్‌కు దొరికినవే. బడి పుస్తకాలు అమ్మినందుకు కొట్టని తండ్రి. తండ్రితో వచ్చి మాట్లాడే ఒక బేంద్రే. చెయ్యి తిరిగేదాకా కూలి వచ్చే ఒక పని. తీసింది చూసి వాదించే నలుగురు. హుసేన్‌కు చివరిదాకా దొరకనిది ఇంకొకటుంది: నచ్చని పని చేసినా ‘ఇల్లు ఖాళీ చెయ్’ అనని ఊరు. మొదటివి మన మొహల్లాలో మనం ఇవ్వగలం. చివరిది ఇవ్వాల్సింది ఈ వ్యాసం చదువుతున్న సెక్యులర్ మిత్రులు కూడా. ఆ పిల్లలకు హుసేన్ కథ చెప్పబోయే ముందు, ఈ రాత్రి ఎక్కడ పడుకుంటున్నారో ఒకసారి అడుగుదాం.